కత్తికి మొదటిసారి తోలు ఒర చేస్తున్నారా? ఏ తోలు, ఏ వరుస, నగిషీ ఎంతవరకు

మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్ళీ చెప్తాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. ఊళ్ళో కమ్మరి లారీ కమాను పట్టీతో చేసిచ్చిన కత్తి ఉంది. బ్లేడు నాలుగున్నర అంగుళాలు, చెక్క పిడి. మీ నాన్నగారు తోటలో వాడతారు. దానికి పూలతీగ నగిషీతో తోలు ఒర చేసి ఆయనకి ఇవ్వాలనుకుంటున్నారు. ఇంట్లో సోఫా లెదర్ ముక్క మిగిలింది, ఆన్‌లైన్‌లో తోలుమీద అచ్చులు కొట్టే ఇరవై స్టాంపుల సెట్ ఒకటి చూశారు. తోలు పని ఇంతకుముందు చేయలేదు. మొదటిసారే ఇది సాధ్యమా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సాధ్యమే. కానీ ఆ సోఫా లెదర్‌తో కాదు, ఆ స్టాంపుల సెట్‌తో అంతకన్నా కాదు. 3 మి.మీ. మందం ఉన్న వెజ్ ట్యాన్ (చెట్ల బెరడు, కాయలతో శుద్ధి చేసిన) తోలు ఒకే ముక్క తీసుకోండి. దాన్ని కత్తి వీపు దగ్గర మడిచి, పదును వైపు మాత్రమే కుట్టే ఒర చేయండి. పదును వైపు రెండు పొరల మధ్యలో ఇంకో తోలు పట్టీ తప్పకుండా పెట్టండి. నగిషీ ముందువైపు చిన్నగా, మడవకముందే, కుట్టకముందే పూర్తి చేయండి. ఇకమీద చెప్పేదంతా ఈ నాలుగు మాటలకి వివరణ.

కొత్తవాళ్ళు తెచ్చి చూపించే ఒరల్లో నగిషీ బాగాలేక పాడైనవి తక్కువ. తోలు తప్పు, తడి తప్పు, పనుల వరుస తప్పు, వీటివల్ల పాడైనవే ఎక్కువ. చేతి నైపుణ్యం సాధనతో వస్తుంది. ఈ మూడూ మాత్రం తెలుసుకుంటే మొదటి రోజునుంచే సరిగా చేయొచ్చు.

తోలు

సోఫాలు, హ్యాండ్‌బ్యాగులు, జాకెట్లు, బూట్ల పైభాగాలు చాలావరకు క్రోమ్ తోలు. క్రోమియం లవణాలతో ట్యాన్ చేస్తారు, అంటే పచ్చి చర్మం కుళ్ళకుండా తోలుగా మారుస్తారు. మెత్తగా, సాగేలా ఉంటుంది. తడిపి నొక్కినా ఆ గుర్తు నిలవదు. నగిషీ అంటేనే తడి తోలుని నొక్కి, ఆరాక కూడా ఆ గుర్తు ఉండేలా చేయడం. అందుకే క్రోమ్ తోలుమీద మీరు ఎంత కొట్టినా తీగ కనిపించదు. ఒరకి కావలసిన బిర్రుతనం కూడా దానికి ఉండదు, కత్తి మొన సులువుగా పొడుచుకుని బయటికి వస్తుంది. అందులో మిగిలిపోయిన లవణాలకి తేమ తోడైతే ఉక్కుకి కూడా మంచిది కాదు. మా పక్క ఊరాయన ఒకరు సోఫా తోలుతో కుట్టించిన ఒర తెచ్చారు. ఒక్క వానాకాలానికి బ్లేడు రెండు పక్కలా తుప్పు మచ్చలు పడ్డాయి. కమాను పట్టీ ఉక్కు స్టెయిన్‌లెస్ కాదు కాబట్టి మీ కత్తికీ ఆ ప్రమాదం ఉంది.

వెజ్ ట్యాన్ అంటే చెట్ల బెరడు, కాయల రసాలతో ట్యాన్ చేసిన తోలు. మన దక్షిణాదిలో తరతరాలుగా ఈ పనికి వాడింది తంగేడు బెరడు, చివర్లో కరక్కాయ. తమిళనాడు నుంచి ఈస్టిండియా తోలు అనే పేరుతో ఎగుమతయ్యే సరుకు ఈ పద్ధతిలో పుట్టిందే. అయితే ఆ పేరుతో దొరికే మేక, గొర్రె తోళ్ళు పల్చన. అవి అస్తరుకి బాగుంటాయి, ఒరకి చాలవు. మీకు ఆవు లేదా గేదె తోలు కావాలి.

గేదె తోలు మనకి సులువుగా దొరుకుతుంది. కొల్హాపురి చెప్పులకి వాడేది వెజ్ ట్యాన్ గేదె తోలే. గట్టిగా ఉంటుంది, ఏళ్ళ తరబడి మన్నుతుంది. కానీ పైపొర కాస్త గరుకు, దానిమీద సన్నని గీతలు అంత స్పష్టంగా రావు. పెద్ద ఆకులు, చుక్కలు, వెడల్పాటి అంచు గీతలయితే దానిమీద చక్కగా వస్తాయి. సన్నని తీగే కావాలంటే ఆవు తోలు వెతకండి. చెన్నై పెరియమెట్‌లో తోలు దుకాణాలు వరసగా ఉన్నాయి, చిన్న ముక్కలు కూడా అమ్ముతారు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు 'వెజ్ ట్యాన్, రంగు వేయనిది, టూలింగ్‌కి (అంటే నగిషీకి)' అని అడగండి. రంగూ పాలిషూ వేసేసిన తోలు నీళ్ళు పీల్చదు, నగిషీకి పనికిరాదు.

దుకాణంలో పరీక్షించడం కష్టమేమీ కాదు. ముక్కని కోసిన అంచు చూడండి. క్రోమ్ తోలు మధ్యలో నీలం కలిసిన బూడిదరంగు గీత తరచూ కనిపిస్తుంది. వెజ్ ట్యాన్ పైనుంచి కిందివరకు లేత గోధుమరంగులోనే ఉంటుంది. వేలితో ఒక నీటి చుక్క పెట్టండి. వెజ్ ట్యాన్ అయితే చుక్క ఇంకిపోయి అక్కడ రంగు ముదురుతుంది. గోరుతో గట్టిగా గీస్తే గీత నిలబడిపోతుంది.

అమెరికా వీడియోల్లో మందాన్ని ఔన్సుల్లో చెప్తారు. ఒక ఔన్సు దాదాపు 0.4 మి.మీ. వాళ్ళు 8 ఔన్సుల తోలు అంటే మనకి 3.2 మి.మీ. అన్నమాట. మీ కత్తికి 3 మి.మీ. సరిపోతుంది. 2 మి.మీ. అయితే ఒర వంగిపోతుంది. 4 మి.మీ. అయితే మడత దగ్గర పైపొర చిట్లుతుంది, మొదటిసారి చేసేవాళ్ళకి కుట్టడమూ నరకమే. పొట్ట భాగం ముక్క అంటగడితే వద్దనండి. అది సాగుతుంది, ఆకారం నిలుపుకోదు. పశువు వీపు, తుంటి భాగాల తోలు బిగువుగా ఉంటుంది.

అట్ట నమూనా

తోలు ముట్టుకోకముందు పాత పెళ్ళి పత్రిక లాంటి దళసరి అట్టతో ఒర మొత్తం చేసి చూసుకోండి. మొదట బ్లేడు పదునుకి మాస్కింగ్ టేపు రెండు పొరలు చుట్టండి. పని అయ్యేదాకా ఆ టేపు తీయకండి. కొలతలు తీసేటప్పుడే వేళ్ళు తెగేది.

అట్టమీద నిలువుగా ఒక గీత గీయండి, అదే మడత. కత్తి వీపుని ఆ గీతకి దగ్గరగా, వీపు మందంలో సగం దూరం వదిలి పెట్టి చుట్టూ గీయండి. తర్వాత పదును వైపు 15 మి.మీ. కలపండి. అందులో మూడు నాలుగు మి.మీ. బ్లేడు కదలడానికి, మిగతాది మధ్య పట్టీకీ కుట్టుకీ. మొన దగ్గర కూడా అంతే. పైన పిడిలో మూడో వంతు నుంచి సగం దాకా ఒర లోపలికి వచ్చేలా గీయండి. కత్తిని పట్టి ఉంచేది ఆ పిడి భాగమే. అంతవరకు లోపలికి దిగితే పట్టీ, బటన్ అవసరమే ఉండదు. తోటలో వంగి పని చేసేటప్పుడు బటన్ ఊడితే కత్తి జారుతుంది. పిడి బిగువుని నమ్ముకున్న ఒర అలా మోసం చేయదు.

ఆ గీతని మడతకి రెండో వైపు కూడా అచ్చుగుద్దండి. వెనకవైపు అట్టని పైకి ఓ అరచేయంత పొడిగించి కిందికి మడిస్తే బెల్టు దూరే కొక్కెం అయిపోతుంది, దానికి విడి ముక్క అక్కర్లేదు. అట్టని మడిచి, అంచుకి క్లిప్పులు పెట్టి కత్తి దింపి చూడండి. ఎక్కడన్నా పట్టేస్తే అట్టే పారేయండి. రెండో అట్టకి అయ్యే ఖర్చు ఏమీ లేదు.

మధ్య పట్టీ గురించి ఎంత చెప్పినా తక్కువే

దీన్ని వెల్ట్ అంటారు. ఒర రెండు పొరల మధ్య, పదును వైపు అంచు పొడవునా పెట్టే 9, 10 మి.మీ. వెడల్పు తోలు పట్టీ. ఇది లేకపోతే ఏమవుతుందో చూడండి. కత్తి లోపలికి దిగిన ప్రతిసారీ పదును నేరుగా కుట్టుదారం మీదికి వెళ్తుంది. దారం తెగుతుంది. ఒకసారి రెండు కుట్లు తెగాక, మూడోసారి కత్తి ఒర పక్కనుంచి బయటికి వచ్చి తొడకి తగులుతుంది. పట్టీ ఉంటే పదును తోలుని తాకుతుంది, దారం దాని వెనక భద్రంగా ఉంటుంది. పిడి వైపు పట్టీ లోపలి అంచుని చాకుతో ఏటవాలుగా పల్చన చేస్తే కత్తి తడబడకుండా దిగుతుంది.

నాకు చూపించమని తెచ్చే అందమైన ఒరల్లో చాలావాటికి ఇది ఉండదు. ముందువైపు హంసలు, తామరలు అద్భుతంగా చెక్కి ఉంటాయి, పక్కకి తిప్పితే రెండు పొరలే. షోకేసులో పెట్టే కత్తికయినా నేను ఒప్పుకోను, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి దాన్ని తీసి చూస్తారు. మీ నాన్నగారు రోజూ నడుముకి కట్టుకునేది కాబట్టి ఇందులో మినహాయింపు అడగకండి.

నగిషీకి ఎంత చోటు, ఏ బొమ్మ

కుట్టు గీత అంచునుంచి 4 మి.మీ. లోపలికి వస్తుంది. అక్కడినుంచి ఇంకో 8 మి.మీ. ఖాళీ వదలండి, కుట్టేటప్పుడు అక్కడ తోలు నలుగుతుంది. మడత వైపు కూడా సుమారు 10 మి.మీ. వదలండి. మడిచినప్పుడు పైపొర సాగి అక్కడున్న బొమ్మ వంకరపోతుంది. ఇవన్నీ పోగా మీ ఒరమీద మిగిలేది రెండు వేళ్ళ వెడల్పు చోటు. ఇరవై స్టాంపులు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసింది కదా.

ఆ చోటులో ఒక్క తీగ, ఐదారు ఆకులు, ఒక మొగ్గ, చుట్టూ ఒక అంచు గీత. ఇంతే పెట్టండి. కలంకారీ అంచుల్లో ఉండే తీగలు దీనికి చాలా అనువు. అవి సన్నని పొడవైన చోటులో పాకడానికే గీసినవి. వరంగల్ కోట తోరణాల మీది తామర మొగ్గ కూడా చిన్న సైజులో బాగా కుదురుతుంది. మెలికల ముగ్గు చూడ్డానికి తేలిక అనిపిస్తుంది కానీ మొదటిసారికి వద్దు. అందులో గీత ఒకదాని కింద ఒకటి దూరిన ప్రతిచోటా లోతు మార్చాలి, వంపులన్నీ ఒకే కొలతలో రావాలి. కన్ను చిన్న తేడాని కూడా పట్టేస్తుంది. ఆకు ఒకటి కాస్త లావైతే ఎవరికీ తెలియదు.

చెక్కడం మీద నమ్మకం లేనివాళ్ళకి ఇంకో దారి ఉంది. దానికి స్ఫూర్తి మన తోలుబొమ్మలే. నిమ్మలకుంట బొమ్మల్లో నగలన్నీ రంధ్రాలే. చిన్న ఉలులతో తోలుని తొలిచి, వెనక దీపం వెలుగు ఆ రంధ్రాల గుండా రావడంతో హారాలు మెరుస్తాయి. ఆ బొమ్మల తోలు ట్యాన్ చేసింది కాదు, నీళ్ళు తగిలితే మెత్తబడుతుంది, కాబట్టి దానితో ఒర చేయలేం. కానీ పద్ధతి తీసుకోవచ్చు. ఒక మిల్లీమీటరు మందం వెజ్ ట్యాన్ ముక్కకి ముదురు రంగు వేసి, గుండ్రని పంచ్‌లతో రంధ్రాల వరస కొట్టి, ఎర్రరంగు వేసిన ఇంకో పల్చటి ముక్కమీద అంటించి, ఆ రెండిటినీ ఒర ముందు భాగంమీద కుట్టేయడం. రెండు మూడు సైజుల పంచ్‌లు చాలు. ఇలా చేసిన ఒర దూరంనుంచి కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నాకైతే చిన్న ఒరలమీద చెక్కడం కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది.

తడి

చెక్కాలనే నిర్ణయించుకుంటే ఈ భాగం నెమ్మదిగా చదవండి, సగం పని ఇక్కడే ఉంది.

ముక్కని నమూనా కంటే అన్ని వైపులా సెంటీమీటరు పెద్దదిగా కోయండి. కొడుతున్నకొద్దీ తోలు ఒకటి రెండు మి.మీ. సాగుతుంది. వెనకవైపు వెడల్పు ప్యాకింగ్ టేపు అంటిస్తే ఆ సాగుడు తగ్గుతుంది. చెక్కడం అయ్యాక అసలు కొలతకి కోసుకోవాలి.

స్పాంజితో రెండు వైపులా సమంగా తడపండి (టేపు వెనక్కి అంటించేది ఆ తర్వాతే). నీళ్ళు కారేంత కాదు. తర్వాత ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతికట్టి కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా వదిలేయండి. తడి లోపలిదాకా సమంగా పాకుతుంది. పొద్దున తీసి బయట ఉంచండి. తోలు రంగు మళ్ళీ పొడి తోలు రంగుకి దగ్గరగా వచ్చి, చెంపకి ఆనిస్తే ఇంకా చల్లగా తగులుతుంటే, అదే సమయం. అప్పుడు కొడితే గుర్తు పడి, పడినచోట తోలు ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది. ఆ రంగు రాకపోతే ఎండిపోయినట్టు. గుర్తు పడి మళ్ళీ ఉబ్బిపోతుంటే ఎక్కువ తడి ఉన్నట్టు.

మన ఎండలకి ఇక్కడో జాగ్రత్త. వేసవిలో ఫ్యాను కింద కూర్చుంటే పావుగంటలో పైపొర ఎండిపోతుంది. ఫ్యాను ఆపండి, పని చేయని భాగాన్ని ప్లాస్టిక్‌తో కప్పి ఉంచండి. ఎండిన చోట మళ్ళీ నీళ్ళు చిలకరిస్తే మరక పడుతుంది. మొత్తం ముక్కంతా స్పాంజితో తేలిగ్గా తుడవండి.

తడి తోలుకి ఇనుము తగలనివ్వకండి. ఇనుప స్కేలు, తుప్పు పట్టిన సుత్తి, చివరికి మీ కత్తి కూడా. తోలులోని టానిన్ (బెరడు, కాయలనుంచి వచ్చిన వగరు పదార్థం), ఇనుము కలిసి నల్లమచ్చ పడుతుంది, అది పోవడం చాలా కష్టం.

చెక్కడం

బొమ్మని ట్రేసింగ్ కాగితం మీద గీసి, తడి తోలుమీద పెట్టి, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో గీతల వెంట నొక్కండి. కార్బన్ పేపర్ వాడకండి, ఆ నీలం చెరగదు.

మూడు పనిముట్లు చాలు. వేలి ఆనికతో తిరిగే స్వివెల్ నైఫ్, ఏటవాలు ముఖం ఉన్న బెవెలర్, నేపథ్యాన్ని అణిచే చిన్న చుక్కల స్టాంపు. కొట్టడానికి చెక్క లేదా నైలాన్ సుత్తి. ఇనుప సుత్తి స్టాంపుల తలలని పాడుచేస్తుంది. కింద పెట్టుకోవడానికి గ్రానైట్ ముక్క. దానికోసం డబ్బు పెట్టకండి, కిచెన్ గట్లు వేసే షాపు వెనక అడిగితే కోసేసిన ముక్క ఇస్తారు. మా ప్రకాశం జిల్లాలో చీమకుర్తి గ్రానైట్ ముక్కలు ఎక్కడ చూసినా ఉంటాయి, నా బల్లమీద ఉన్నదీ అదే.

స్వివెల్ నైఫ్‌తో గీత లోతు తోలు మందంలో మూడో వంతు. సగం దాటితే మడిచినప్పుడు అక్కడ తెగుతుంది. కత్తిని నిలువుగా పట్టుకుని మీ వైపుకి లాగండి. పక్కకి వాలిస్తే గీత తోలు కిందికి దూరి పొర లేస్తుంది. తర్వాత బెవెలర్ ఏటవాలు ఆకు బయటి వైపు ఉండేలా గీతలో ఆనించి కొడుతూ, ప్రతి దెబ్బకీ సగం సగం ముందుకి జరపండి. దెబ్బలు ఒకదానిమీద ఒకటి ఎక్కితే మెట్లు కనిపించవు. బయట అణిగిపోయి ఆకు పైకి లేచినట్టు కనిపిస్తుంది. ఆకు మధ్య ఈనెని బాల్‌పెన్నుతో నొక్కితే చాలు.

అసలు ముక్కమీద చేయి పెట్టేముందు అదే తోలు తునకమీద ఒక సాయంత్రం అంతా వంపులు గీయండి. ఇంత చిన్న బొమ్మకి కావలసిన చేతివాటం ఆ ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది.

రంగు

ఆరాక రంగు. స్పిరిట్ రంగులు పల్చగా రెండు మూడు పూతలు వేసి, ఆరాక పొడి గుడ్డతో రంగు అంటనంతవరకు రుద్దండి. ఈ రుద్దడం మానేస్తే మీ నాన్నగారి పంచెకి అంటుకుంటుంది.

నల్లరంగు కావాలంటే కొనక్కర్లేదు. కలంకారీవాళ్ళు కరక్కాయ రసం, పాలు పట్టించిన బట్టమీద బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టిన రసంతో నల్లగీతలు గీస్తారు. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసే ఆ నలుపు వస్తుంది. వెజ్ ట్యాన్ తోలులో టానిన్ ముందే ఉంది. స్టీల్ ఊల్‌ని సబ్బుతో కడిగి నూనె పోగొట్టి, తెల్ల వెనిగర్లో వేసి, మూత వదులుగా పెట్టి కొన్ని రోజులు వదిలేయండి. గ్యాస్ వస్తుంది కాబట్టి మూత బిగించవద్దు. వడకట్టి తోలుకి పూస్తే కళ్ళముందే నల్లబడుతుంది. ఇందాక మచ్చ అని భయపెట్టిన పనినే ఇక్కడ కావాలని చేస్తున్నాం. తర్వాత లీటరు నీళ్ళలో ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపి తుడిచి, మంచినీళ్ళతో మళ్ళీ తుడవండి. ఆమ్లం మిగిలితే తోలు పెళుసవుతుంది. ఒర లోపలివైపు మాత్రం ఈ ద్రావణం పూయవద్దు, బ్లేడు తుప్పు పడుతుంది.

మొదటి ఒరకి నా సలహా అడిగితే, అసలు రంగే వేయకండి. కాస్త నూనె రాసి వదిలేయండి. వెజ్ ట్యాన్ వెలుతురుకీ చేతి స్పర్శకీ తనంతట తానే తేనెరంగుకి తిరుగుతుంది. చెక్కిన లోతులు ఇంకా ముదురుతాయి.

మడవడం, అంటించడం, కుట్టడం

నమూనా కొలతకి కోశాక మడత గీత వెంట మాత్రం లోపలివైపు తడిపి మడవండి. బెల్టు కొక్కెం ఇప్పుడే కుట్టేయండి. ఒర మూసేశాక లోపలికి సూది వెళ్ళదు. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

అంటించడానికి చెప్పుల షాపుల్లో వాడే రబ్బరు గమ్ము, ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటిది, బాగుంటుంది. అంటించే చోట్లు గరుకు కాగితంతో గీకి, రెండు ముఖాలకీ పూసి, చేతికి అంటనంతగా ఆరాక ఒక్కసారే నొక్కండి. అంటాక సర్దడం కుదరదు.

ఇప్పుడు మూడు పొరలు కలిసి 9 మి.మీ. మందం. ఫోర్కులా ఉండే పంచ్‌తో ఇంత మందంలో రంధ్రాలు వెనకవైపు వంకరగా వస్తాయి. పంచ్‌తో పైన గుర్తులు మాత్రం పెట్టుకుని, 1.5 మి.మీ. బిట్టుతో డ్రిల్ చేయండి. డ్రిల్ నిలువుగా ఉందో లేదో పక్కనుంచి ఇంకొకరిని చూడమనండి. చెప్పులు కుట్టేవాళ్ళ ఆర మీ చేతికి అలవాటైతే అదింకా మంచిది, అది తోలుని తొలిచేయకుండా పక్కకి జరుపుతుంది. రంధ్రాల మధ్య దూరం 4 లేదా 5 మి.మీ.

మైనం పట్టించిన పాలిస్టర్ దారం, 0.8 లేదా 1 మి.మీ., రెండు కొసలకీ మొద్దు మొన సూదులు. కుట్టు పొడవుకి ఏడెనిమిది రెట్ల దారం తీసుకోండి. ప్రతి రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దాటాలి, ప్రతిసారీ ఒకే సూది ముందు వెళ్ళాలి, అప్పుడే కుట్లు ఒకే వాలులో వస్తాయి. మెషిన్ కుట్టులో ఒకచోట తెగితే వరస ఊడుతుంది. ఇలా కుట్టినదానిలో ఒక దారం తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. మూతి దగ్గర మొదలుపెట్టేటప్పుడు, చివర్లో, మూడు నాలుగు కుట్లు వెనక్కి వేయండి. లాగే బలం పడేది అక్కడే.

అంచుని 120 నుంచి 400 నంబరు గరుకు కాగితాలతో వరసగా సానబట్టి, కొద్దిగా తడిపి, నున్నటి చెక్కతో వేడి పుట్టేలా రుద్ది, తేనెమైనం రాసి మళ్ళీ గుడ్డతో రుద్దండి. మూడు పొరలు ఒక్క పొరలా మెరుస్తాయి. చూసేవాళ్ళ కన్ను నగిషీ తర్వాత వెళ్ళేది ఈ అంచు మీదికే.

బిగువు సరిచేయడం

కత్తికి నూనె రాసి, ప్లాస్టిక్ ఫిల్ము రెండు మూడు పొరలు చుట్టండి. ఒర మూతి, పిడి భాగం మాత్రం గోరువెచ్చని నీళ్ళతో తడిపి, కత్తి దింపి, పిడి చుట్టూ తోలుని వేళ్ళతో నొక్కి అమర్చండి. చెక్కిన భాగాన్ని తడపవద్దు, నొక్కవద్దు, చెక్కినదంతా అణిగిపోతుంది. ఆకారం నిలిచాక కత్తి తీసేసి, నీడలో ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. ఎండలో పెడితే, హెయిర్ డ్రయ్యర్ కొడితే తోలు ముడుచుకుని పెళుసవుతుంది. ఆరాక మంచం పరుపుమీద తలకిందులుగా పట్టుకుని ఊపి చూడండి. కత్తి జారకూడదు, ఒంటి చేత్తో లాగితే రావాలి.

మొన దగ్గర అడుగున చిన్న రంధ్రం ఒకటి వదలండి, లోపలికి పోయిన నీళ్ళు బయటికి పోతాయి.

నూనె విషయంలో చెయ్యి బిగించుకోండి. నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాలి ఎముకలనుంచి తీసే తోలు నూనె) గుడ్డకి అద్ది ఒక్క పూత, పైన మైనం, అంతే. నూనె ఎక్కువైతే ఒర మెత్తబడి కత్తిని పట్టుకోదు. కొబ్బరినూనె రాయొచ్చా అని అందరూ అడుగుతారు. నేను వద్దంటాను, కొన్నాళ్ళకి కంపు కొడుతుంది, బూజుకీ తావిస్తుంది.

నాన్నగారికి ఇచ్చేటప్పుడు ఒక్క మాట తప్పకుండా చెప్పండి. పని అయ్యాక కత్తి తుడిచి నూనె చుక్క రాసి విడిగా పెట్టాలి. ఒర మోసుకెళ్ళడానికే, దాచిపెట్టడానికి కాదు. వెజ్ ట్యాన్ తోలు కూడా గాలిలో తేమ పీలుస్తుంది. కోస్తాలో వానాకాలమంతా కత్తిని ఒరలోనే ఉంచితే ఎంత మంచి తోలైనా తుప్పు పడుతుంది. ఒరకి బూజు పడితే పొడి గుడ్డతో తుడిచి, గాలి తగిలేచోట నీడలో వేలాడదీస్తే చాలు.

అట్ట నమూనా తయారయ్యాక, కత్తిని దానిమీద పెట్టి పక్కన స్కేలుతో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. తోలు కోయకముందే పదును వైపు చోటు సరిపోయిందో లేదో చూసి చెప్తాను.